షుగరు పుస్తకంలో లేని గడులు

మా నాన్నగారి బీరువాలో ఒక రూళ్ళ పుస్తకం ఉండేది. 1994లో ఆయనకి షుగరని తేలిన వారం నుంచీ 2006 దాకా రాసిన పుస్తకం. తేదీ, పరగడుపున ఎంత, అన్నం తిన్న రెండు గంటలకి ఎంత - అంతే, మూడు గడులు. ఆయన హైస్కూల్లో లెక్కల మాష్టారు. అంచేత ప్రతి పేజీ చివరా సగటు కట్టి, కింద ఎర్రసిరాతో రెండు గీతలు గీసేవారు. మొదట్లో నెలకోసారి తణుకు వెళ్ళి ల్యాబులో రక్తం ఇచ్చి వచ్చేవారు. నాకు ఉద్యోగమొచ్చాక గ్లూకోమీటరు ఒకటి కొనిచ్చాను, అప్పట్నుంచీ వారానికి రెండుసార్లు. పరగడుపున 120 దాటిన రోజు ఇంట్లో ఎవరూ నోరెత్తేవాళ్ళం కాదు :)

2006 వేసవిలో ఒక మధ్యాహ్నం ఆయనకి ఒళ్ళంతా చెమటలు పట్టాయి, కాస్త ఆయాసం వచ్చింది. ఛాతీలో నొప్పి మాత్రం లేదు. గ్యాస్ పట్టేసిందని సోడా తాగి పడుకున్నారు. మర్నాటికీ ఆయాసం తగ్గకపోయేసరికి మా అమ్మ బలవంతాన ఆస్పత్రికి తీసుకెళ్ళింది. ఈసీజీ తీసి, "నిన్ననే గుండెపోటు వచ్చింది, మీకు తెలీలేదంతే" అన్నారు. నేను హైదరాబాదు నుంచి బస్సెక్కి వెళ్ళేసరికి ఆ రూళ్ళ పుస్తకం గుండె డాక్టరుగారి చేతిలో ఉంది. పేజీలు తిప్పి చూసి ఆయన అడిగింది ఇదీ: "షుగరు చాలా బాగా ఉంచుకున్నారు మాష్టారూ. మరి బీపీ ఎంతుంటుంది? కొలెస్ట్రాల్ ఎప్పుడు చూపించుకున్నారు?"

పన్నెండేళ్ళలో ఆ మాట ఆయన్ని ఎవరూ అడగలేదు, ఆయనా ఎవర్నీ అడగలేదు. ఆ రాత్రి మంచం మీద పడుకుని నాతో అన్న మాట నాకిప్పటికీ గుర్తే. "లెక్కంతా సరిగ్గానే చేశాను కదరా, జవాబెలా తప్పింది?"

ఆ ప్రశ్న పట్టుకుని అప్పుడూ ఇప్పుడూ చదువుతూ పోయాను. చదివిన కొద్దీ తేలిందేమిటంటే, మా నాన్నగారు చేసిన పొరపాటునే వైద్యశాస్త్రం కూడా చేసింది. అదీ ఒకటీ రెండూ కాదు, దాదాపు ఎనభై ఏళ్ళపాటు. ఆ కథే ఇది. ముందే ఒక మాట: నేను డాక్టర్ని కాదు, కోడు రాసుకుని బతికేవాణ్ణి. ఇది చదివి ఎవరూ మందులు మార్చుకోవద్దు.

కథ 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో మొదలవుతుంది. అప్పటిదాకా చిన్నపిల్లలకి షుగరొచ్చిందంటే రోజులు లెక్కపెట్టుకోవడమే. ఫ్రెడరిక్ ఆలెన్ అనే అమెరికన్ డాక్టరు పిల్లల్ని దాదాపు పస్తులుంచి ఇంకొన్ని నెలలు బతికించే పద్ధతి ఒకటి కనిపెట్టాడు, అదే అప్పటికి గొప్ప వైద్యం. ఆ జనవరి 11న లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ కుర్రాడికి ఇన్సులిన్ మొదటి ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ సరుకు శుభ్రంగా లేక పెద్దగా పనిచెయ్యలేదు. కాలిప్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని శుద్ధి చేశాక, 23న మళ్ళీ ఇచ్చారు. ఈసారి రక్తంలో చక్కెర దిగింది. మరుసటి ఏడాదే బాంటింగ్‌కీ మెక్లాయిడ్‌కీ నోబెల్ బహుమతి వచ్చింది.

అక్కడితో జబ్బు కథ ముగిసిందనుకున్నారు. ఇన్సులిన్ లేకపోవడం సమస్య, ఇన్సులిన్ ఇవ్వడం పరిష్కారం. మన భాషలో చెప్పాలంటే రూట్ కాజ్ దొరికింది, ఫిక్స్ ప్రొడక్షన్లోకి వెళ్ళింది, టికెట్ మూసేశారు. కానీ ఆ టికెట్ మళ్ళీ తెరుచుకుంది, అదీ వేరే మాడ్యూల్లో.

దాన్ని ముందుగా గమనించినవాళ్ళలో బోస్టన్ డాక్టరు ఎలియట్ జోస్లిన్ ఒకడు. ఈయనకీ మా నాన్నగారిలాగే పుస్తకాల పిచ్చి. ప్రాక్టీసు పెట్టిన తొలినాళ్ళనుంచీ తన దగ్గరికొచ్చిన ప్రతి షుగరు రోగి వివరమూ చిట్టాలో రాసిపెట్టేవాడు. ఎప్పుడొచ్చారు, ఎంతకాలం బతికారు, దేనితో పోయారు, అన్నీ. ఇన్సులిన్ రాకముందు ఆయన రోగుల్లో సగానికి పైగా కోమాలో పోయేవాళ్ళు. ఇన్సులిన్ వచ్చాక కోమా చావులు బాగా పడిపోయాయి. అయితే చావులే ఆగిపోలేదు కదా, ఆ గడి ఖాళీ అవుతుంటే పక్క గడి నిండుతూ వచ్చింది. గుండె, మెదడు, కాళ్ళ రక్తనాళాలు పూడుకుపోవడం. 1927లోనే ఆయన దీని మీద వ్యాసం రాశాడు. షుగరు రోగులు ఒకప్పుడు కోమాతో పోయేవాళ్ళు, ఇప్పుడు ధమనులు గట్టిపడి పోతున్నారన్నది దాని సారాంశం. నేరం కొవ్వు మీద మోపాడు. అది సగం సరైనదేనని చాలాకాలం తరవాత తేలింది.

ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. రక్తనాళం పూడడానికి పదీ ఇరవై ఏళ్ళు పడుతుంది. రెండేళ్ళలో చనిపోయే మనిషికి ఆ జబ్బు కనబడే అవకాశమే లేదు. ఇన్సులిన్ ఆయుష్షు పోసింది, ఆ పోసిన ఆయుష్షులో దాక్కున్న రెండో జబ్బు బయటపడింది.

ఇంతకీ రక్తనాళంలో ఏం జరుగుతుంది? దోశ పెనం మీద ఎర్రగా కాలడం చూశారుగా. పిండిలోని మాంసకృత్తులూ చక్కెరా వేడికి కలిసి ఆ రంగూ ఆ వాసనా వస్తాయి. ఈ చర్యని 1912లో వివరించినవాడు లూయీ మయ్యార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త. మన ఒంట్లోనూ అదే జరుగుతుంది. కాకపోతే పెనం మీద నిమిషాల్లో జరిగేది 37 డిగ్రీల దగ్గర నెలల మీదా ఏళ్ళ మీదా జరుగుతుంది. రక్తంలో చక్కెర ఎక్కువైతే అది వెళ్ళి మాంసకృత్తులకి అంటుకుంటుంది. 1968లో టెహ్రాన్‌లో సామ్యూల్ రహ్బర్ అనే ఆయన రక్తాల్లో హిమోగ్లోబిన్ రకాలు వెతుకుతూంటే, ఇద్దరు షుగరు రోగుల దగ్గర ఒక కొత్త రకం తగిలింది. అది కొత్త రకమేమీ కాదు, చక్కెర అంటుకున్న మామూలు హిమోగ్లోబినే. ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది కాబట్టి, దానికి ఎంత చక్కెర అంటుకుందో చూస్తే మూడు నెలల సగటు తెలిసిపోతుంది. మన కంపెనీ హెల్త్ చెకప్పుల్లో వచ్చే హెచ్‌బీఏ1సీ ఇదే.

ఎర్రకణం చచ్చి కొత్తది పుడుతుంది. ధమని గోడలో ఉండే కొల్లాజెన్‌కి ఆ వీలు తక్కువ, అది ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది. చక్కెర అంటుకుని అంటుకుని పోగులు ఒకదానికొకటి ముడిపడతాయి, గోడ సాగే గుణం పోయి బిరుసెక్కుతుంది. దానికి తోడు రక్తనాళం లోపల ఒక్క కణం మందాన ఒక పొర ఉంటుంది, ఎండోథీలియం అంటారు. రాబర్ట్ ఫర్చ్‌గాట్ 1980లో ఇది ఉత్త గోడరంగు లాంటిది కాదని చూపించాడు. నాళాన్ని వదులు చెయ్యమని చెప్పే సంకేతం అక్కణ్ణించే వస్తుంది. ఆ సంకేతం నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువని తరవాత తేలింది, 1998లో దానికి నోబెల్ కూడా వచ్చింది. షుగరున్నవాళ్ళలో ఈ పొర దెబ్బతిని ఆ సంకేతం తగ్గిపోతుంది. చెడ్డ కొలెస్ట్రాల్ చిన్న చిన్న గుళికలై గోడలోకి తేలిగ్గా దూరుతుంది. దాన్ని ఏరెయ్యడానికొచ్చిన తెల్లకణాలు తిని తిని అక్కడే ఉబ్బి చస్తాయి, అదే పూడిక. రక్తఫలకికలు త్వరగా అతుక్కుంటాయి, కట్టిన గడ్డ త్వరగా కరగదు. ఒకరోజు ఆ పూడిక మీది పొర చిట్లుతుంది, దాని మీద గడ్డ కడుతుంది, నాళం మూసుకుపోతుంది. అదీ గుండెపోటు.

ఈ గుంపులో చక్కెర ఒక నేరస్తుడు మాత్రమేనని గమనించండి. బీపీ, కొలెస్ట్రాల్, గడ్డ కట్టే గుణం, పొగాకు - అందరూ ఒకే గోడ మీద పనిచేస్తున్నారు. అందులో ఒకణ్ణి పట్టుకుని కేసు మూసేస్తే ఏమవుతుందో మా నాన్నగారి పుస్తకమే సాక్ష్యం.

ఈ లెక్కలు మొదటిసారి పద్ధతిగా కట్టిన ఊరు అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్. మసాచుసెట్స్ రాష్ట్రంలో చిన్న పట్నం. 1948లో అక్కడి 5,209 మంది ఆడా మగా మీద అధ్యయనం మొదలైంది. అప్పటికి జబ్బు లేనివాళ్ళని తీసుకుని, రెండేళ్ళకోసారి పిలిచి పరీక్షలు చేస్తూ, ఎవరికి ఎప్పుడు గుండెజబ్బు వస్తుందో చూస్తూ కూర్చున్నారు. మనం సర్వరు పడిపోయాక లాగులు వెతుకుతాం. వాళ్ళు పడకముందే లాగింగ్ పెట్టి ఇరవై ఏళ్ళు ఓపికపట్టారన్నమాట. 1979లో కానెల్, మెక్‌గీ ఆ ఇరవై ఏళ్ళ లెక్క బయటపెట్టారు. షుగరున్నవాళ్ళకి రక్తనాళాలు పూడే జబ్బులు రెండు నుంచి మూడు రెట్లు ఎక్కువ. బీపీ, కొలెస్ట్రాల్, పొగ - వీటన్నిటినీ లెక్కలోంచి తీసేసినా షుగరు వాటా ఇంకా మిగిలింది. మామూలుగా ఆడవాళ్ళకి గుండెజబ్బు మగవాళ్ళకంటే ఆలస్యంగా వస్తుంది కదా, షుగరొస్తే ఆ వెసులుబాటు కూడా పోతోంది. "ఆడవాళ్ళకి గుండెపోటేమిటి" అని నెట్టేసే ఇళ్ళు మనకి ఇప్పటికీ ఉన్నాయి, అందుకే ప్రత్యేకంగా చెప్తున్నాను.

1998లో ఫిన్లాండు లెక్క ఒకటి వచ్చింది. హాఫ్నర్ బృందం ఏడేళ్ళలో ఎంతమందికి గుండెపోటు వచ్చిందో చూసింది. షుగరు లేదు, ఇదివరకు పోటు రాలేదు - 3.5 శాతం. షుగరు లేదు, ఇదివరకు ఒక పోటు వచ్చింది - 18.8 శాతం. షుగరుంది, పోటు మాత్రం ఎప్పుడూ రాలేదు - 20.2 శాతం. రెండూ ఉన్నాయి - 45 శాతం. అంటే షుగరు వచ్చిందంటే ఒక గుండెపోటు వచ్చి పోయినట్టే లెక్క. తరవాతి అధ్యయనాలు మరీ అంత కాదు, షుగరు ఎన్నేళ్ళనుంచీ ఉందన్న దాన్నిబట్టి ఉంటుందని సర్దాయి. అయినా ఆ నాలుగు అంకెలు డాక్టర్ల ఆలోచన మార్చేశాయి.

మా నాన్నగారికి నొప్పెందుకు రాలేదన్న దానికీ సమాధానం ఇక్కడే దొరికింది. ఏళ్ళ తరబడి షుగరుంటే నరాలు మొద్దుబారతాయి. కాళ్ళ తిమ్మిర్లు అందరికీ తెలుసు. గుండెనుంచి నొప్పి కబురు మోసే నరాలకీ అదే గతి పట్టొచ్చు. అలారం తీగె తెగిపోయిన ఇంట్లో దొంగ పడ్డట్టు. ఆయాసం, చెమటలు, ఉన్నట్టుండి నీరసం, "గ్యాస్" - షుగరున్న మనిషికి ఇవి వస్తే ఛాతీనొప్పి లేదు కదా అని ఊరుకోకూడదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. షుగరు గుండెని దెబ్బతీస్తోందని తెలిసింది. మరి షుగరు తగ్గిస్తే గుండె బాగుపడాలిగా? నాబోటివాడు "అవును" అనేస్తాడు. డాక్టర్లూ అలాగే అన్నారు.

మొదటి దెబ్బ 1970లో తగిలింది. అమెరికాలో 12 విశ్వవిద్యాలయ క్లినిక్కులు కలిసి 1961లో మొదలుపెట్టిన పరీక్షలో, టోల్బ్యుటమైడ్ అనే షుగరు మాత్ర వేసుకున్న 204 మందిలో 26 మంది గుండె, రక్తనాళాల జబ్బులతో పోయారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 205 మందిలో పోయింది 10 మంది. షుగరు తగ్గించే మందు మనుషుల్ని తగ్గించడమేమిటి! ఫలితం అచ్చవకముందే పత్రికల్లో పడింది, ఇక గొడవే గొడవ. ఆ మందు రోజూ రాసే డాక్టర్లు ఒక కమిటీ కట్టి కోర్టుకెక్కారు. ముడి డేటా మాకు చూపించాలన్న వ్యాజ్యం 1980లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి ఓడిపోయింది. మాత్రల మీద హెచ్చరిక అచ్చెయ్యడానికి 1984 వచ్చింది. ఆ పరీక్షలో లోపాలున్నాయన్న వాదన పూర్తిగా ఎప్పటికీ తెగలేదు. కానీ ఒక అనుమానం మాత్రం మిగిలిపోయింది: అంకె బాగుపడితే మనిషి బాగుపడ్డట్టేనా?

1998లో బ్రిటన్‌నుంచి యూకేపీడీఎస్ ఫలితాలొచ్చాయి. కొత్తగా షుగరొచ్చిన 5,102 మందిని చేర్చుకుని ఏళ్ళ తరబడి చూశారు. షుగరు గట్టిగా అదుపుచేస్తే కళ్ళూ మూత్రపిండాల్లాంటి చోట సన్ననాళాల జబ్బులు 25 శాతం తగ్గాయి. గుండెపోట్లు 16 శాతం తగ్గాయి, కానీ పీ విలువ 0.052. గణాంకశాస్త్రంలో 0.05 లోపల ఉంటేనే పాస్. రెండు వేలవంతుల్లో తప్పింది! అదే పరీక్షలో ఇంకో భాగం ఉంది, దాని గురించి అంతగా మాట్లాడుకోరు. బీపీని సగటున 154/87 బదులు 144/82కి దించితే పక్షవాతం 44 శాతం తగ్గింది, షుగరు సంబంధిత మరణాలు 32 శాతం తగ్గాయి. షుగరు రోగికి బీపీ మాత్ర అంత పనిచేసింది. 2004లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, అంతవరకూ గుండెజబ్బు లేని షుగరు రోగులకి చిన్న మోతాదు స్టాటిన్ ఇస్తే గుండెపోటు, పక్షవాతం లాంటివి 37 శాతం తగ్గాయి.

తారీఖులు చూడండి. 1998, 2004. మా నాన్నగారి పుస్తకం అప్పుడు నడుస్తూనే ఉంది. ఆ కాగితాలు మా ఊరిదాకా రాలేదు.

మళ్ళీ షుగరు దగ్గరికే వస్తే, "ఇంకా గట్టిగా తగ్గిద్దాం, అప్పుడు చూద్దాం" అన్నారు. అమెరికా, కెనడాల్లో 10,251 మందితో అకార్డ్ అనే పరీక్ష పెట్టారు. ఒక గుంపుకి హెచ్‌బీఏ1సీ 6 లోపలికి తేవాలి, రెండో గుంపుకి 7 నుంచి 7.9 మధ్య. 2008 ఫిబ్రవరిలో ఆ గట్టి అదుపు సగాన్ని మధ్యలోనే ఆపేశారు. గట్టిగా తగ్గించిన గుంపులో 257 మంది పోయారు, రెండో గుంపులో 203. దానికి ఏడాది ముందే, 2007 మేలో, నిస్సెన్, వోల్స్కీ అనే ఇద్దరు రోసిగ్లిటజోన్ అనే బాగా అమ్ముడుపోయే షుగరు మందు మీద 42 పరీక్షల లెక్కలు కలిపి చూసి, గుండెపోటు ముప్పు 43 శాతం పెరుగుతోందని రాశారు. ఆ డేటాలో చాలాభాగం కంపెనీ సొంత వెబ్‌సైటులోదే! ఒక కోర్టు కేసు రాజీలో భాగంగా పరీక్షల ఫలితాలు అక్కడ పెట్టాల్సి వచ్చింది. 2010లో ఐరోపాలో ఆ మందు ఆపేశారు, మన దేశంలోనూ నిషేధించారు. దాని పాపం అనుకున్నంత కాదని అమెరికాలో 2013లో ఆంక్షలు సడలించారు, అది వేరే కథ.

ఇవన్నీ చదివి "అయితే షుగరు అదుపెందుకు, దండగ" అనుకుంటే అది ఇంకో పొరపాటు. కళ్ళకీ కిడ్నీలకీ నరాలకీ దాని మేలు నిస్సందేహంగా తేలింది. గుండెకీ మేలుంది, కాకపోతే చాలా మెల్లగా వడ్డీతో వస్తుంది. చిన్నవయసులో షుగరొచ్చినవాళ్ళని 1983 నుంచి 1993 దాకా గట్టిగా అదుపు చేసి చూసిన డీసీసీటీ అనే అధ్యయనం ఉంది. అది ముగిసి అందరి షుగరూ ఇంచుమించు ఒకటైపోయినా, అప్పట్లో గట్టిగా ఉంచుకున్నవాళ్ళకి గుండె, రక్తనాళాల జబ్బులు 42 శాతం తక్కువని 2005లో తేలింది. యూకేపీడీఎస్ వాళ్ళకీ పదేళ్ళ తరవాత, 2008లో చూస్తే, గుండెపోట్లలో తేడా ఈసారి పరీక్ష పాసైంది. తొలినాళ్ళ అదుపుని ఒళ్ళు గుర్తుపెట్టుకుంటుంది. ఇరవై ఏళ్ళు పూడిన గోడని చివరి మూడేళ్ళలో బాగుచెయ్యాలంటేనే కుదరదు.

మా నాన్నగారి ప్రశ్నకి సూటి జవాబు మాత్రం డెన్మార్కులో దొరికింది. స్టెనో-2 అని చిన్న అధ్యయనం, 160 మందే. సగంమందికి మామూలు వైద్యం. మిగతా సగానికి షుగరు, బీపీ, కొలెస్ట్రాల్, ఆస్పిరిన్, తిండి, నడక, పొగ మానడం - అన్నీ ఒకేసారి పట్టించుకున్నారు. 2003లో చూస్తే రెండో సగంలో గుండె, రక్తనాళాల ప్రమాదాలు సగానికి సగం తగ్గాయి. 21 ఏళ్ళ తరవాత, 2016లో లెక్క తేలిస్తే, వాళ్ళు సుమారు 7.9 ఏళ్ళు ఎక్కువ బతికారు. కొత్త మందేమీ లేదు, ఉన్న గడులన్నీ నింపారంతే. చదివినప్పుడు కాసేపు ఊరికే కూర్చుండిపోయాను.

కథలో ఇంకో మలుపుంది. రోసిగ్లిటజోన్ గొడవ తరవాత 2008 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ ఒక రూలు పెట్టింది: కొత్త షుగరు మందేదైనా షుగరు తగ్గిస్తే చాలదు, గుండెకి హాని చెయ్యదని కూడా చూపించాలి. కంపెనీలు గొణుక్కుంటూ వేలమందితో పరీక్షలు పెట్టాయి. హాని లేదని చూపించడానికి పెట్టిన పరీక్షల్లో మేలు బయటపడింది. 2015లో ఎంపాగ్లిఫ్లోజిన్ మీద 7,020 మందితో చేసిన పరీక్షలో గుండె, రక్తనాళాల మరణాలు 38 శాతం తగ్గాయి. తమాషా ఏమిటంటే చివరికి రెండు గుంపుల హెచ్‌బీఏ1సీల మధ్య తేడా అరశాతం కూడా లేదు. ఇది ముఖ్యంగా గుండె వైఫల్యాన్ని ఆపుతుంది, 2019కల్లా ఈ జాతి మందు షుగరే లేని గుండెరోగులకీ పనిచేస్తుందని తేలింది. 2016లో లీరాగ్లూటైడ్ అనే ఇంజెక్షన్ 9,340 మందిలో గుండెపోటు, పక్షవాతం, గుండె మరణాలు కలిపి 13 శాతం తగ్గించింది.

ఎంపాగ్లిఫ్లోజిన్ చేసేది కిడ్నీల ద్వారా చక్కెరని మూత్రంలోకి వదిలెయ్యడం. ఈ దారికి మూలం 1835లో యాపిల్ చెట్టు బెరడులో దొరికిన ఫ్లోరిజిన్ అనే పదార్థం. మూత్రం తియ్యగా ఉంటుందనే మనవాళ్ళు ఈ జబ్బుకి మధుమేహమని పేరు పెట్టారు. ఇప్పుడు ఆ తీపి మూత్రాన్నే మందుగా తెప్పిస్తున్నారు!

ఇక మన సంగతి. 1988లో జెరాల్డ్ రీవెన్ ఒక ఉపన్యాసంలో, ఇన్సులిన్‌కి ఒళ్ళు సరిగ్గా స్పందించకపోవడం, బీపీ, చెడిపోయిన కొవ్వులూ ఒకే గుంపుగా వస్తాయని చెప్పాడు. 1990లో హాఫ్నర్ ఇంకో మెట్టు ఎక్కి, గుండెజబ్బు గడియారం షుగరు బయటపడకముందే తిరగడం మొదలుపెడుతుందా అని అడిగాడు. అవునన్నట్టే కనబడింది. 1991లో లండన్ సౌతాల్‌లో మెక్కీగ్ బృందం చూస్తే, దక్షిణాసియా వాళ్ళలో 19 శాతానికి షుగరు, పక్కనే ఉన్న తెల్లవాళ్ళలో 4 శాతానికి. లావు మొత్తం మీద తేడా పెద్దగా లేదు, మనవాళ్ళకి పొట్ట దగ్గరుంది అంతే. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మొదటి గుండెపోటు సగటు వయసు మిగతా దేశాల్లో 59 ఏళ్ళకి దగ్గర, దక్షిణాసియాలో 53.

ఇదంతా కుర్చీల్లో కూర్చునే మనబోటి వాళ్ళ జబ్బనుకుంటాం. 2003-04లో ఉభయగోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో చావుల కారణాలు ఇంటింటికీ వెళ్ళి అడిగి రాశారు. మొదటి స్థానం గుండె, రక్తనాళాల జబ్బులది, 32 శాతం. అంటువ్యాధులు చాలా వెనక ఉన్నాయి. అవి మా ఊరి చుట్టుపక్కల పల్లెలే. 2023లో ఐసీఎంఆర్ లెక్క ప్రకారం దేశంలో షుగరున్నవాళ్ళు 10.1 కోట్లు, రేపో మాపో వచ్చేలా ఉన్నవాళ్ళు ఇంకో 13.6 కోట్లు. ఆ రెండో గుంపులో నేనూ ఉన్నాను. కిందటేడు చెకప్పులో నా హెచ్‌బీఏ1సీ 6.1. గడియారం తిరుగుతోందన్నమాట.

నాన్నగారికి మూడు నాళాలు పూడాయి. షుగరువాళ్ళకి పూడిక ఒకచోట కాకుండా పొడుగునా ఉంటుంది, అందుకని స్టెంట్ల కంటే బైపాసే మేలన్నారు డాక్టరుగారు. అప్పటికి ఆయన చేతిలో ఉన్నది 1995నాటి అమెరికా హెచ్చరిక: బెలూన్ వైద్యం చేయించుకున్న షుగరు రోగులు ఐదేళ్ళలో 34.5 శాతం పోతే, బైపాస్ వాళ్ళు 19.4 శాతం. 2012లో 1,900 మందితో స్టెంట్లని పోల్చినా బైపాసే గెలిచింది. మా డాక్టరుగారు సరైన లెక్కే చేశారు.

ఆపరేషనయ్యాక ఇంటికొచ్చిన మూడో రోజున నాన్నగారు కొత్త రూళ్ళ పుస్తకం తెమ్మన్నారు. స్కేలు పెట్టి ఆయనే గీశారు: తేదీ, పరగడుపు, తిన్నాక, బీపీ, చెడ్డ కొలెస్ట్రాల్, బరువు, నడిచిన నిమిషాలు. దాన్ని పదకొండేళ్ళు రాశారు. చివరి పేజీకీ సగటు కట్టి ఉంది.

నేనిప్పుడు అవే గడులు స్ప్రెడ్‌షీటులో పెట్టుకున్నాను. మీ ఇంట్లో కూడా షుగరు పుస్తకం ఉండే ఉంటుంది. ఈసారి ఊరెళ్ళినప్పుడు అంకెలు తరవాత చూద్దురుగాని, ముందు గడులు లెక్కపెట్టండి.